చిన్న రివాల్వర్, మూడు రాష్ట్రాల సరిహద్దులు: ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో లైసెన్సు తుపాకీతో తిరగాలంటే నిబంధనలేంటి?

నోయిడాలో ఇల్లు, గురుగ్రామ్‌లో ఆఫీసు ఉన్నవారు రోజూ ఢిల్లీ మీదుగా వెళ్లి వస్తారు. ఒక్క ప్రయాణంలో ఉత్తర్‌ప్రదేశ్, ఢిల్లీ, హరియాణా పోలీసుల పరిధి దాటుతారు. మామూలు ప్రయాణికుడికి ఆ సరిహద్దులతో పనిలేదు. నడుముకు లైసెన్సు రివాల్వర్ ఉన్నవారికి మాత్రం అక్కడే చట్టం మారిపోవచ్చు.

ఆత్మరక్షణ కోసం చిన్న తుపాకీ కొనాలనుకునేవారు ముందుగా బరువు, ధర చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి: లైసెన్సు ఎక్కడ చెల్లుతుంది, తుపాకీని ఎలా తీసుకెళ్లాలి, దాన్ని గురితప్పకుండా కాల్చగలరా?

లైసెన్సు ఎవరికి ఇస్తారు?

ఆయుధాల చట్టం-1959 ప్రకారం దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. పోలీసు విచారణ నివేదిక చూశాక లైసెన్సింగ్ అధికారి నిర్ణయం తీసుకుంటారు. ప్రాణహాని ఉందని చెబితే సరిపోదు, ఆధారాలు చూపాలి. ఆయుధాల నిబంధనలు-2016 తుపాకీని సురక్షితంగా వాడటంపై శిక్షణను కూడా తప్పనిసరి చేశాయి.

2019లో చట్టాన్ని సవరించారు. ఒక్కొక్కరు ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. లైసెన్సు కాలపరిమితిని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు.

ఏ తుపాకులు దొరుకుతాయి?

9 ఎంఎం, .38 వంటివి 'నిషేధిత బోర్' కిందకు వస్తాయి. అందుకే సాధారణ పౌరుల దగ్గర ఎక్కువగా కనిపించేవి .32, .22 బోర్ తుపాకులు.

2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత, కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో 'నిర్భీక్' రివాల్వర్‌ను తెచ్చింది. బరువు సుమారు 500 గ్రాములు, అప్పటి ధర 1,22,360 రూపాయలు. మహిళల హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టే తుపాకీగా దీన్ని ప్రచారం చేశారు. ఆ ధర ఎంతమందికి అందుబాటులో ఉంటుందని, తుపాకీ చేతికిస్తే భద్రత వచ్చేస్తుందా అని మహిళా సంఘాలు ప్రశ్నించాయి. ఆ తర్వాత వచ్చిన .22 బోర్ 'నిడర్' బరువు సుమారు 250 గ్రాములే. 2023 ఆగస్టులో కాన్పూర్ నుంచే 'ప్రబల్' వచ్చింది. దీని బరువు సుమారు 700 గ్రాములు, బ్యారెల్ పొడవు 76 మిల్లీమీటర్లు.

తూటాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దేశీయ .32 రివాల్వర్‌లో వాడే తూటా, .32 పిస్టల్‌లో వాడే తూటా ఒకటి కావు. రెండింటినీ '32 బోర్' అనే పిలుస్తారు. కానీ రివాల్వర్ తూటా పొడవుగా ఉంటుంది. ఒకదాని బదులు మరొకటి వాడకూడదు.

చిన్నదైతే కాల్చడం తేలికా?

తుపాకీ చిన్నదయ్యేకొద్దీ దాచడం తేలిక, గురి పెట్టడం కష్టం. ముందు సైటుకు, వెనక సైటుకు మధ్య దూరం 10 సెంటీమీటర్లే ఉందనుకుందాం. చేయి వణికి సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 10 మీటర్ల దూరంలో తూటా 10 సెంటీమీటర్లు పక్కకు వెళ్తుంది. రద్దీ మార్కెట్‌లో ఆ తేడా పక్కన నిలబడ్డ మనిషి ప్రాణం తీయగలదు.

బరువు తక్కువైతే కాల్చినప్పుడు చేతికి తగిలే కుదుపు కూడా ఎక్కువ. రివాల్వర్ సుత్తిని ముందుగా లాగి పెట్టకపోతే ట్రిగ్గర్ బలంగా నొక్కాలి, ఆ ఊపులో గురి చెదురుతుంది. అందుకే కొనేముందు చేతిలో పట్టుకుని చూడటం, కొన్నాక గుర్తింపు ఉన్న రేంజ్‌లో శిక్షకుల దగ్గర సాధన చేయడం అవసరం.

కాల్చాలని నిర్ణయించుకునే వరకు వేలు ట్రిగ్గర్‌పై పెట్టకూడదు. పిస్టల్ నుంచి మ్యాగజైన్ తీసినంత మాత్రాన అది ఖాళీ అయినట్లు కాదు, ఛాంబర్‌లో తూటా మిగిలి ఉండొచ్చు. ఇంట్లో పిల్లలుంటే తుపాకీకి తాళం వేసి ఉంచాలి.

తీసుకెళ్లడం ఎలా?

అమెరికాలోని పలు రాష్ట్రాల్లో తుపాకీని దాచి తీసుకెళ్లేందుకు ప్రత్యేక అనుమతి ఉంటుంది. భారత్‌లో అలాంటి వేరే పర్మిట్ లేదు. 2016 నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని హోల్‌స్టర్‌లోనో, అలాంటి సంచిలోనో పెట్టాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి, తీసుకెళ్లేవారి అదుపులో ఉండాలి. అంటే బయటకు కనిపించకపోవడమే ఇక్కడ నియమం. బహిరంగంగా ఝళిపిస్తే లైసెన్సు పోవచ్చు.

లైసెన్సుపై 'చెల్లుబాటు ప్రాంతం' రాసి ఉంటుంది. ఉత్తర్‌ప్రదేశ్‌కే పరిమితమైన లైసెన్సుతో నోయిడా నుంచి ఢిల్లీలోకి తుపాకీ తెస్తే కేసు అవుతుంది. హైదరాబాద్, విజయవాడ నుంచి ఉద్యోగ రీత్యా ఎన్‌సీఆర్‌కు మారే తెలుగువారికీ ఇదే వర్తిస్తుంది. ముందుగా చెల్లుబాటును పొడిగించుకోవాలి, చిరునామా మార్పును కొత్త ప్రాంత అధికారులకు తెలపాలి.

లైసెన్సు ఉన్నా ఢిల్లీ మెట్రోలోకి తుపాకీని అనుమతించరు. విమానంలో చేతి సంచిలో తీసుకెళ్లడం కుదరదు. తూటాలు తీసేసి, ముందుగా ప్రకటించి, చెక్-ఇన్ లగేజీలో పంపాలి. ఎన్నికల సమయంలో అధికారులు ఆదేశిస్తే పోలీసుల దగ్గర డిపాజిట్ చేయాలి.

ఢిల్లీ నేర్పిన పాఠాలు

1999 ఏప్రిల్‌లో మెహ్రౌలీలోని ఒక రెస్టారెంట్ పార్టీలో మద్యం పోయలేదన్న కోపంతో జెస్సికా లాల్‌ను కాల్చి చంపారు. ఈ కేసులో మను శర్మను ఢిల్లీ హైకోర్టు 2006లో దోషిగా తేల్చింది, సుప్రీంకోర్టు 2010లో దాన్ని సమర్థించింది. అతని పేరిట లైసెన్సు ఉన్నది .22 పిస్టల్‌కే.

2018 డిసెంబరు 31 రాత్రి దక్షిణ ఢిల్లీలోని ఫతేపూర్ బేరీ ఫామ్‌హౌస్‌లో కొత్త సంవత్సర వేడుకల కాల్పుల్లో ఒక మహిళ తూటా తగిలి చనిపోయారు. వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించేలా 2019 సవరణలో చేర్చారు.

నిజంగా ఆత్మరక్షణకే కాల్చినా అక్కడితో విషయం ముగియదు. భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తాయి. అయితే ఎదురైన ప్రమాదానికి అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదు. ఆ అవసరం ఉందో లేదో చివరికి తేల్చేది న్యాయస్థానం.