మార్చి మొదటి తేది: వేల్సువారి ఉల్లికాడ



ప్రతి సంవత్సరము మార్చి నెల మొదటి తేదిని, బ్రిటను ద్వీపమునకు పడమటి భాగముననున్న వేల్సు దేశములో నొక చిత్రమైన యాచారము కానవచ్చును. పెద్దలు, పిన్నలు కోటుమీదనో టోపీమీదనో ఒక ఉల్లికాడను తగిలించుకొని వీధులలో తిరుగుదురు. దానిని లీకు అందురు. అది మన ఉల్లికి దాయాదియే. గడ్డ యూరదు, లావైన తెల్లని కాడయే దానికి ముఖ్యము. వంటింట నుండవలసిన వస్తువు తలకెక్కుట యేమని నేను మొదట నవ్వుకొంటిని. కాని ఆ కాడ వెంట పోగా పోగా పదునాలుగు వందల యేండ్ల చరిత్ర నాకు దొరకినది. అందు కొంత ఈ పూట తమకు మనవి చేసెదను.

ముందుగా ఆ దేశము పేరు. వేల్సు అనునది అచ్చటివారు తమకు తాము పెట్టుకొన్న పేరు కాదు. సముద్రము దాటివచ్చి తూర్పు భూముల నాక్రమించిన సాక్సనులు, అక్కడి పూర్వనివాసులను తమ భాషలో 'పరాయివారు' అని పిలిచిరి. ఆ మాటయే వేల్సు అయినది. ఇంటివారిని పరాయివారన్నది వచ్చినవారు! ఇంటివారు మాత్రము తమ్ము 'కమ్రి' అని చెప్పుకొందురు. ఒక్క సీమవారమని దాని యర్థము.

మార్చి మొదటి తేది వారి పుణ్యపురుషుడగు సెయింటు డేవిడు మరణించిన దినము. ఆయన క్రీస్తుశకము 6వ శతాబ్దమువాడు. స్వదేశభాషలో ఆయన పేరు 'దెవీ'. మన చెవికి స్త్రీ నామమువలె వినబడునుగాని, ఆయన గడ్డము పెంచిన సన్న్యాసియే. ఆయన మఠములో ఎద్దులను కట్టి దున్నుట లేదు; శిష్యులే కాడి భుజమున వేసికొని నాగలి లాగవలెను. రొట్టె, ఆకుకూరలు భోజనము. నీరు తప్ప వేరు పానము లేదు. అందుచేత 'నీటి దెవీ' యని ఆయనకు బిరుదు కలిగెను. లాందెవీ బ్రెవి యను నూర ఆయన సభలో మాటలాడుచుండగా, వెనుకవారికి వినబడుటకై పాదముల క్రింది నేల ఒక దిబ్బయై పైకి లేచెనని కథ. వేల్సు అంతయు కొండలమయము. అట్టి సీమలో మఱియొక దిబ్బను లేపుటకంటె అనవసరమైన మహిమ యుండదని జాన్ డేవీసు అను ఆ దేశపు చరిత్రకారుడే పరిహాసమాడెను. ఈ కథలన్నియు ఆయన పోయిన అయిదువందల యేండ్లకు వ్రాసిన చరిత్రలోనివి. కావున చరిత్రగా వీనిని ఎంతవరకు నమ్మవలెనో తమకే విడిచెదను. కడపటి యుపదేశములో ఆయన తన వారిని చిన్న చిన్న పనులను విడువక చేయుడని కోరెనట. గొప్ప కార్యముల మాట ఎత్తలేదు. ఈ సంగతి తాము జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన; మరల దీని యవసరము వచ్చును.

ఉల్లికాడకు మూలమేమనగా, పూర్వమొక యుద్ధమున సాక్సనులతో పోరునపుడు తనవారిని గుర్తించుటకై వేల్సు సైనికులు ప్రక్క తోటలోని లీకులను పెఱికి టోపీలలో దోపుకొనిరని వాడుక. షేక్స్పియరు మహాకవి కాలమునకు ఇది ప్రసిద్ధమైన యాచారమే. 'అయిదవ హెన్రీ' నాటకములో లీకును గేలిచేసిన యొక ప్రగల్భునిచేత ఒక వేల్సు సేనాని ఆ పచ్చికాడనే తినిపించును. నేటికిని వేల్సు పటాలములో ఆ దినమున క్రొత్తగా చేరినవాడు ఒక కాలు కుర్చీమీదను, ఒక కాలు బల్లమీదను ఉంచి, వెనుక మద్దెల మ్రోగుచుండగా పచ్చి లీకును నమలి మ్రింగవలెను. ఆ పటాలమునకు ఒక మేకపోతు కూడ కలదు. అది పెంపుడు జంతువు కాదు, వరుసలో పేరున్న సిపాయి! 2006వ సంవత్సరమున సైప్రసు ద్వీపములో, ఎలిజబెత్తు రాణి జన్మదినపు కవాతులో, బిల్లీ యను మేకపోతు అడుగు తప్పి నడచి మద్దెలవానిని కొమ్ములతో పొడువబోయెను. విచారణ జరిపి దాని హోదా తగ్గించిరి. మూడు నెలలు బుద్ధిగా నుండిన పిమ్మట తిరిగి ఇచ్చిరి.

ఇంటిపేర్ల సంగతియు వినదగినదే. పూర్వము వారికి ఇంటిపేర్లు లేవు. 'ఫలానావాని కుమారుడు' అనుటయే. 'కుమారుడు' అనుటకు 'ఆప్' అందురు. ఆంగ్లపు కచేరీలవారు స్థిరమైన పేరు కావలెననగా, 'ఆప్ హ్రీస్' అనునది ప్రైసు అయినది, 'ఆప్ హవెల్' పవెల్ అయినది. తండ్రి పేరు జాన్ అయినవారందరు జోన్సులైరి. ఊరినిండ జోన్సులే యగుటచేత పాల జోన్సు, రొట్టెల జోన్సు అని వృత్తినిబట్టి గుర్తింపవలసి వచ్చెను.

ఇక అసలు విషయము. 1485లో ఇంగ్లండు సింహాసనమెక్కిన ఏడవ హెన్రీ వేల్సు వంశీకుడు. మనవాడు రాజైనాడని వేల్సువారు పొంగిరి. ఆయన కుమారుడు ఎనిమిదవ హెన్రీయే 1536లో చట్టము చేసి, న్యాయస్థానములలో ఆంగ్లమే నడువవలెననియు, వేల్సు భాష మాటలాడువారికి ఉద్యోగము లేదనియు శాసించెను. తరువాత 1563లో మఱియొక చట్టము వచ్చెను: బైబిలును వేల్సు భాషలోనికి తెచ్చి, ఆంగ్ల గ్రంథము ప్రక్కనే దేవాలయములలో నుంచవలెను, ప్రజలు రెండును పోల్చి ఆంగ్లము నేర్చుకొందురని! జరిగినది వేఱు. కొండలలోని యొక చిన్న యూరి గురువు విలియం మోర్గాను 1588లో ముద్రింపించిన బైబిలు ఎంత చక్కని భాషలో నుండెననగా, అదియే వేల్సు వచనమునకు ఒరవడియై భాషను నిలువబెట్టెను. పరభాష నేర్పుటకై పెట్టిన గ్రంథము స్వభాషను కాపాడెను.

19వ శతాబ్దమున బడులలో మఱియొక బాధ వచ్చెను. వేల్సు మాట నోట వచ్చిన పిల్లవాని మెడలో ఒక చెక్కముక్కను వ్రేలాడదీయుదురు. వాడు, మఱియొకడు ఆ మాట పలికినపుడు పట్టియిచ్చి ఆ చెక్కను వానికి తగిలింపవచ్చును. సాయంకాలము బడి విడుచు వేళకు అది యెవని మెడలో నుండునో వానికి దెబ్బలు. తల్లి నేర్పిన మాటకై తోటి పిల్లవానిపై చాడి చెప్పు విద్య నేర్పిరన్నమాట. అన్ని బడులలో ఇట్లు జరిగినదనలేము. దొరతనమువారి యాజ్ఞయు కాదు. బిడ్డలు బాగుపడుదురని తలచి కొందరు తలిదండ్రులే దీనికి సమ్మతించిరి. అదియే నాకు మిక్కిలి దుఃఖము కలిగించు సంగతి.

అయినను కవిత్వము చావలేదు. వారికి 'ఐస్టెద్వొడ్' అను కవితోత్సవము కలదు. కూర్చుండుట యని ఆ మాటకు మూలము. గెలిచిన కవికి సింహాసనమువంటి కుర్చీ నిత్తురు. రీస్ ప్రభువు 1176లో కార్డిగను కోటలో ఇట్టి సభ జరిపెను. 1917వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదిని ఈ యుత్సవము బర్కెన్‌హెడ్డులో జరిగెను. కవులు మాఱుపేరుతో పద్యము పంపుట నియమము. గెలిచిన మాఱుపేరును సభాపతి పిలిచెను. కాహళములు మ్రోగెను. ఎవరును లేవలేదు. మరల పిలిచెను. మరల నిశ్శబ్దమే. మూడవ మారు పిలిచిన పిమ్మట చెప్పిరి: ఆ కవి హేద్ విన్, త్రౌస్వనిద్ గ్రామపు గొఱ్ఱెల కాపరి, జులై 31వ తేదిని బెల్జియము యుద్ధభూమిలో మరణించెనని. వయస్సు ముప్పది. సభలో ఏడ్వనివారు లేరు. ఆ కుర్చీకి నల్లని వస్త్రము కప్పి, తలిదండ్రుల యింటికి పంపిరి. దానిని చెక్కిన శిల్పి అదే బెల్జియమునుండి యుద్ధమునకు తాళలేక పాఱివచ్చిన కాందిశీకుడు. ఆ యిల్లును, ఆ కుర్చీయు నేటికిని చూడవచ్చును.

రేడియో ముందు కూర్చున్న నేను చెప్పక విడువరాని సంగతి ఇంకొకటి కలదు. 1962 ఫిబ్రవరి 13న సాండర్సు లూయిసు అను రచయిత వేల్సు భాష భవిష్యత్తును గూర్చి రేడియోలో నొక యుపన్యాస మిచ్చెను. 1911లో నూటికి నలుబదిముగ్గురికి పైగా మాటలాడిన భాష అప్పటికి ఇరువదియారుగురికి దిగినది. ఇట్లే సాగినచో 21వ శతాబ్దపు తొలినాళ్లకు భాష నశించునని ఆయన హెచ్చరించెను. అందు ఆదర్శముగా ఆయన చూపినది ఏ వీరుని కథయు కాదు. లాంగెన్నెఖ్ అను నూర బొగ్గుగనిలో పనిచేయు ట్రెవర్ బీస్లీయు, భార్య ఐలీనును 1952లో, పన్ను నోటీసు తమ భాషలో వచ్చువఱకు పన్ను కట్టమనిరి. పలుమారులు కోర్టు కెక్కిరి. అమీనాలు వచ్చి ఇంటిసామాను జప్తు చేసికొని పోయిరి. ఎనిమిదేండ్లు గడచినవి. 1960లో రెండు భాషలలో నచ్చొత్తిన నోటీసు వారి యింటికి వచ్చెను. ఒక్క కాగితము! ముందు తమకు చెప్పిన చిన్న పనుల మాట ఇదే.

ఆ యుపన్యాసము విన్న యువకులు అదే సంవత్సరము వేల్సు భాషాసంఘమును స్థాపించిరి. బాటలపై ఊరి పేర్లు రెండు భాషలలోను వచ్చినవి. 1982లో వేల్సు టెలివిజను వచ్చినది. భాషకు చట్టమున స్థానము దొరకినది. అయినను 2021 జనాభా లెక్కలలో ఆ భాష వచ్చినవారు అయిదు లక్షల ముప్పదియెనిమిది వేలు మాత్రమే. నూటికి పదునెనిమిదిమందియైనను నిండలేదు. లూయిసు చెప్పిన గడువు దాటినది, భాష యున్నది. కాని తఱుగుట యాగలేదు.

మార్చి మొదటి తేదిని సెలవు దినముగా చేయవలెనని వేల్సు శాసనసభ 2000లో ఏకగ్రీవముగా కోరెను. లండను దొరతనము ఒప్పుకొనలేదు. అందుచేత ఆనాడును కచేరీలు తెఱచియే యుండును. ఉల్లికాడ తగిలించుకొన్నవారు ఎప్పటివలె పనిలోనికి పోవుదురు.