పాదలేపం కరిగిపోయాక

ఒకప్పుడు రాత్రిపూట జంషెడ్‌పూర్ ఆకాశం పూర్తిగా నల్లబడేది కాదు. ఉక్కు కర్మాగారంలో నిప్పులాంటి చిట్టెం ఒంపినప్పుడల్లా మబ్బుల అడుగున ఎర్రటి వెలుగు పాకేది. 1949 ప్రాంతంలో ఆ వెలుగు కింద టాటా కంపెనీలో బడ్జెట్ అసిస్టెంటుగా పనిచేస్తున్న ఒక తెలుగువాడికి మద్రాసు నుంచి కబురు వచ్చింది. ఆయనది ఆజానుబాహు విగ్రహం, వయసు ముప్ఫై దాటింది. 1947 డిసెంబరు 27న మేనమామ కూతురు లీలావతితో పెళ్ళయింది. నెల తిరిగేసరికి జీతం చేతికొస్తోంది.

కబురు పంపింది దర్శకుడు బి.ఎ. సుబ్బారావు. ‘పల్లెటూరి పిల్ల’ అనే సినిమా తీస్తున్నాననీ, అందులో కంపన దొర అనే విలన్ వేషం వేయాలనీ ఆ కబురు సారాంశం.

వేషం పెద్దదే, పిలిచినవాడూ తెలిసినవాడే. అయినా ఈ మనిషి ఎగిరి గంతేసే స్థితిలో లేడు. ఇలాంటి పిలుపు నమ్మి ఆయన అప్పటికే ఒకసారి కాలు కాల్చుకున్నాడు. ఆయన పేరు సామర్ల వెంకట రంగారావు. మనందరికీ ఎస్వీ రంగారావు.

ఈమధ్య హైదరాబాదులో ఒక కుర్రాడు నన్ను అడిగాడు, ఇంకో ఆఫర్ లెటర్ చేతికి రాకుండా పేపర్లు వేసెయ్యొచ్చా అని. తొంభై రోజుల నోటీసు, ఫ్లాటు ఈఎంఐ, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపే డబ్బు, ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. నిద్ర పట్టడం లేదని చివర్లో చిన్నగా అన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక రంగారావు కథ మొదట్నుంచీ మళ్ళీ తిరగేసుకున్నాను. మనం సాధారణంగా ఆ కథను ‘పాతాళ భైరవి’ దగ్గర ఎత్తుకుంటాం. అంతకు ముందున్న ఏళ్ళను ఒక్క వాక్యంలో దాటేస్తాం. ఆ కుర్రాడికి కావలసినవి ఆ ఏళ్ళే.

రంగారావు 1918 జులై 3న నూజివీడులో పుట్టాడు. తండ్రి కోటేశ్వర నాయుడిది ఎక్సైజు శాఖలో ఉద్యోగం. బదిలీల ఉద్యోగం కావడంతో పిల్లవాడు మద్రాసులో నాయనమ్మ దగ్గర పెరిగాడు. తర్వాత చదువు ఏలూరు, విశాఖపట్నం, కాకినాడ తిరిగింది. కాకినాడలో బీఎస్సీ చదివే రోజుల్లో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సమాజంలో చేరాడు. తర్వాతి కాలంలో సినిమాల్లో పేరు తెచ్చుకున్న ఆదినారాయణరావు, అంజలీదేవి, రేలంగి ఆ క్లబ్బు గూటి పక్షులే. పగలు రసాయనశాల, రాత్రి రిహార్సల్.

బీఎస్సీ అయ్యాక ఎమ్మెస్సీ చేద్దామనుకున్నాడు. ఇంతలో అగ్నిమాపక శాఖలో పెద్ద హోదాలో ఉన్న ఒకాయన, తమ శాఖలో మంచి భవిష్యత్తు ఉందనీ దరఖాస్తు పెట్టమనీ చెప్పాడు. యుద్ధం నడుస్తున్న కాలమది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి తీరంలో ఎవరూ మరిచిపోలేదు. నిప్పార్పే శాఖ అంటే అందరికీ గౌరవం. రంగారావు దరఖాస్తు పెట్టాడు, ఉద్యోగం వచ్చింది. మద్రాసులో శిక్షణ పూర్తయ్యాక బందరులోనూ విజయనగరంలోనూ ఫైర్ ఆఫీసరుగా పనిచేశాడు.

తెల్లారితే యూనిఫాం వేసుకోవాలి. గంట మోగితే పరుగెత్తాలి. మోగకపోతే కూర్చోవాలి. ఎక్కువ రోజులు మోగేది కాదు. ఆయన్ను తినేసింది ఈ కూర్చోవడమే. పని కష్టమై ఉద్యోగం వదిలినవాళ్ళను లోకం అర్థం చేసుకుంటుంది. పై అధికారి వేధిస్తే జాలి పడుతుంది. పని తేలికై, జీతం బాగుండి, ఎవరూ ఏమీ అనకుండా ఉన్నప్పుడు వదిలేస్తానంటే మాత్రం ఇంట్లోవాళ్ళకు ఏమని చెప్పాలి? సర్కారు కొలువు రా, కాలు మీద కాలేసుకుని బతకొచ్చు, ఎదురొచ్చిన అన్నాన్ని కాలదన్నుకుంటావా అంటారు. ఆ మాటలు అనే పెద్దవాళ్ళను నేను తప్పుపట్టలేను, వాళ్ళు చూసిన కరువులు వేరు. కానీ ఖాళీగా కూర్చున్న ఆ గంటల్లో ఒక నటుడి గొంతు తుప్పు పడుతోందని వాళ్ళకు వినిపించదు. రంగారావుకు వినిపించింది. ఈ కుర్చీలో ఉంటే నాటకానికి పూర్తిగా దూరమైపోతానని తేల్చుకుని రాజీనామా ఇచ్చాడు.

బంధువైన బి.వి. రామానందం ‘వరూధిని’ సినిమా తలపెట్టి ప్రవరుడి వేషం ఇచ్చాడు. పెద్దన మనుచరిత్ర కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. ఊరు దాటి ఎరగని బ్రాహ్మణుడు సిద్ధుడిచ్చిన లేపం పాదాలకు పూసుకుని హిమాలయాలకు ఎగిరిపోతాడు. కొండల అందం చూసి, ఇక ఇంటికి పోదామనుకునేసరికి మంచుకు లేపం కరిగిపోయి ఉంటుంది. వచ్చిన దారి ఉండదు. రంగారావు జీవితంలో మొదటి సినిమా వేషం ఇది.

1947లో వచ్చిన ‘వరూధిని’ ఆడలేదు. మొదటి సినిమా పోయిన కొత్త నటుడి దగ్గరికి రెండో సినిమా రాదు. అంతకు ముందు ఎవరికీ తెలియకపోవడం ఒక స్థితి. అందరికీ తెలిసి ఎవరూ పిలవకపోవడం ఇంకో స్థితి, ఇది కష్టం. స్టూడియో గేటు దగ్గర దర్వాను కూడా గుర్తుపడతాడు, గేటు మాత్రం తియ్యడు. ప్రవరుడిలాగే ఈయన పాదాల లేపమూ కరిగిపోయింది. సర్కారు కొలువు పోయింది, సినిమా పోయింది.

కావ్యంలో ప్రవరుడు అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరతాడు. రంగారావుకు అన్నం పెట్టిందీ అగ్నే, జంషెడ్‌పూర్ కొలిముల అగ్ని. టాటా కంపెనీలో ఉద్యోగం దొరికితే సామాను సర్దుకుని అప్పటి బీహారుకు వెళ్ళిపోయాడు.

ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, మాంత్రికుడూ ఘటోత్కచుడూ కీచకుడూ దీని తర్వాతే. ఓడిపోయి మళ్ళీ ఉద్యోగంలో చేరడాన్ని మనవాళ్ళు తోక ముడవడం అంటారు. నటుడన్నవాడు పస్తులుండాలి, ప్లాట్‌ఫారాల మీద పడుకోవాలి, అప్పుడే కళ పండుతుందన్న కథలు మనకు రుచి. రంగారావు పస్తులకు మొక్కుకోలేదు. నెల జీతం తెచ్చుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, సంసారం పెట్టాడు. దానితోపాటు ఇంకో పని చేశాడు. ఆ ఊళ్ళోని తెలుగు కుటుంబాలు పెట్టుకున్న ఆంధ్ర సంఘం నాటకాలు వేసేది. ఆఫీసు అయ్యాక రంగారావు ఆ నాటకాల్లో వేషాలు కట్టాడు. చూసేవాళ్ళలో సినిమా నిర్మాతలు ఉండరు. షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చిన కార్మికులు, గుమాస్తాలు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లులు ఉంటారు. వాళ్ళ ముందు పద్యం ఎత్తుకుంటే చివరి వరస దాకా వినపడాలి. వినపడకపోతే పిల్లలే చెప్పేస్తారు. విజయనగరంలో తుప్పు పడుతున్న గొంతు ఇక్కడ మళ్ళీ సానదేలింది. ఉద్యోగంలో ఉండి కూడా నటుడిగా ఉండవచ్చని బహుశా ఆయనకే ఇక్కడ కొత్తగా తెలిసి ఉంటుంది.

సరిగ్గా అప్పుడే మద్రాసు కబురు.

వెళ్ళాలా వద్దా? మొదటిసారి వదిలినప్పుడు ఒంటరివాడు. ఇప్పుడు భార్య ఉంది. మొదటిసారి పరాజయం ఎలా ఉంటుందో తెలియదు, ఇప్పుడు దాని రుచి నాలుక మీదే ఉంది. అయితే మొదటిసారి లేనిది ఇంకొకటి ఇప్పుడు ఉంది. ఒకసారి అన్నీ పోయాక కూడా ఎక్కడో ఒకచోట అన్నం దొరికిందన్న అనుభవం అది. ధైర్యం అనే మాటకు ఇంతకన్నా నమ్మదగిన పెట్టుబడి నాకు కనిపించదు.

ఆ సమయంలోనే ఇంకో కబురు తగిలింది. తండ్రి పోయారు.

టాటానగర్ నుంచి మద్రాసు దారి ఖరగ్‌పూర్ మీదుగా తీరం వెంట కిందికి దిగి, వాల్తేరు దాటి రాజమండ్రి చేరుతుంది. కర్మ జరగాల్సిన ధవళేశ్వరం రాజమండ్రి పక్కనే. అంటే ఏ దారిలో ఆశ ఎదురుచూస్తోందో ఆ దారి మధ్యలోనే గోదావరి గట్టున కొడుకు ఆగిపోవాల్సి వచ్చింది. కాటన్ ఆనకట్ట మీద నీళ్ళు దూకే చప్పుడు మధ్య పిండాలు పెట్టాలి. తెలుగింటి కర్మకాండ ఎన్ని రోజులు పడుతుందో అందరికీ తెలుసు. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులూ మద్రాసులో ఒక వేషం ఖాళీగా ఉందని ఆ కొడుక్కి తెలుసు. తొందరపడటానికి వీల్లేని దుఃఖం అది.

అన్నీ ముగించి మద్రాసు చేరేసరికి కంపన దొర వేషం ఎ.వి. సుబ్బారావుకు ఇచ్చేశారు. షూటింగు ఎవరి కోసమూ ఆగదు.

దర్శకుడు నొచ్చుకున్నాడు. పిలిచి తెచ్చిన మనిషికి మొహం చూపించలేక, అదే సినిమాలో ఒక చిన్న వేషం ఇస్తానన్నాడు. ఇంత దూరం వచ్చాను కదా అని రంగారావు ఒప్పుకున్నాడు.

ఉద్యోగం మానాలా వద్దా అన్న ప్రశ్నకు అసలు జవాబు రాసిన క్షణం ఇదేనని నా నమ్మకం. విజయనగరంలో రాజీనామా కాగితం ఇచ్చిన రోజునో జంషెడ్‌పూర్‌లో పెట్టె సర్దిన రోజునో ఆ జవాబు ఇంకా రాయలేదు. మనం రాజీనామా రోజునే పెద్ద రోజు అనుకుంటాం, నిద్ర మానుకునేది దాని గురించే. కానీ ఆ రోజు గుండెలో వేడి ఉంటుంది, ఏదో ఒక వేషం చెయ్యి ఊపి పిలుస్తూ ఉంటుంది. చేరాల్సిన చోటికి చేరాక, పిలిచిన వేషం లేదని తెలిశాక, తండ్రి చితి వాసన ఇంకా వదలకముందే, తెర మీద ఎవరూ గుర్తుపెట్టుకోని చిన్న పాత్రకు ముఖాన రంగు పూసుకోవాలా, లేక వచ్చిన రైలే ఎక్కాలా? వచ్చిన రైలు ఎక్కినా ఎవరూ వేలెత్తి చూపేవాళ్ళు కాదు. ఆయన రంగు పూసుకున్నాడు. టాటా కొలువు వెనక్కి పోయింది, ఆయన మద్రాసులో ఉండిపోయాడు.

తర్వాత వచ్చినవీ చిన్న వేషాలే. ఎల్వీ ప్రసాద్ ‘మనదేశం’లో ఒకటి, పి. పుల్లయ్య ‘తిరుగుబాటు’లో ఒకటి.

ఆ ‘పల్లెటూరి పిల్ల’ కోసమే ఇంకో మనిషి కూడా ఉద్యోగం వదిలి మద్రాసు వచ్చాడు. 1947లో గుంటూరు ఏసీ కాలేజీలో బీఏ పూర్తి చేసి, సబ్ రిజిస్ట్రారుగా చేరి, కొద్ది వారాలకే ఆ కుర్చీ వదిలేసిన నందమూరి తారక రామారావు. ఊళ్ళో నలుగురూ లేచి నిలబడే ఉద్యోగం అది. ఆయనకు హీరో వేషం ఖాయంగానే ఉంది, కానీ ఆ సినిమా తెర మీదికి రావడానికి ఏళ్ళు పట్టింది. ఈలోగా ‘మనదేశం’లో పోలీసు ఇన్‌స్పెక్టరు వేషంతో తొలిసారి తెర మీద కనిపించాడు. ఆగిపోయిన మెట్టు మీద నిలబడి చేతికందిన చిన్న వేషాన్ని కాదనకపోవడం ఇద్దరిలోనూ ఒకటే. 1951లో ‘పాతాళ భైరవి’లో రామారావు తోట రాముడు, రంగారావు నేపాళ మాంత్రికుడు. ఆ మాంత్రికుడు కుర్రాణ్ణి సాహసానికి పురిగొల్పే మాట తెలుగువాళ్ళ నోళ్ళలో నానిపోయింది. ఉద్యోగం మానేస్తానన్న ప్రతివాడి భుజం తట్టి ఎవరో ఒకరు ఆ మాటే అంటారు. ఆ కథలో మాంత్రికుడు కుర్రాణ్ణి అలా ఎగదోసింది దేవికి బలివ్వడానికి. సాహసం చెయ్యమని పక్కవాడికి చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే మంచిదని ఆ హైదరాబాదు కుర్రాడిని తల్చుకున్నప్పుడల్లా నాకనిపిస్తుంది.

కానీ ‘పాతాళ భైరవి’ ఇంకా ఏడాది దూరంలో ఉంది. 1950 ఏప్రిల్ నెల మొదట్లో విజయా వారి ‘షావుకారు’ విడుదలైంది. అందులో రంగారావుది సున్నం రంగడి వేషం, ఊళ్ళో రౌడీ. కనిపించేది కాసేపే అయినా జనం గుర్తుపెట్టుకున్నారు. అదే నెలలో ‘పల్లెటూరి పిల్ల’ కూడా వచ్చింది. కంపన దొరగా ఎ.వి. సుబ్బారావు ఉన్నాడు, షూటింగులో ఎద్దుతో నిజంగానే కలబడి చెయ్యి విరగ్గొట్టుకున్న హీరో రామారావు ఉన్నాడు, నాగేశ్వరరావు ఉన్నాడు. జంషెడ్‌పూర్ నుంచి దాని కోసం బయల్దేరి వచ్చిన మనిషి కూడా ఉన్నాడు, ఒక చిన్న వేషంలో.