గాజుపలకల వరుస

ఇంటి గోడమీది ఛాయాచిత్రములను మనము ఒక్కొక్కటిగా చూతుము. ఇది పెండ్లినాటిది, ఇది కాశీకి పోయి వచ్చిననాటిది అని చెప్పుకొందుము. ఆ చిత్రము తీయుటకు ముందు ఆ కెమెరా యెదుట ఎవరు కూర్చుండిరి, తరువాత ఎవరు వచ్చిరి అని ఎవరును అడుగరు. మేమును అడిగినవారము కాము. అమెరికాలో చదువుకొను రోజులలో, ఒక వేసవి సెలవులందు విశ్వవిద్యాలయపు పత్రభాండాగారమున పనికి కుదురుకొనునంతవరకు మాకు అట్టి ప్రశ్న యొకటి కలదనియే తోచలేదు.

వేసవి వచ్చినదనిన అచ్చటి విద్యార్థులకు ఇట్టి పనులు దొరకును. గంటల లెక్కను కూలి. మాకు అప్పగించినది, ఒక చిన్న పట్టణపు ఫోటోగ్రాఫరు విడిచిపోయిన గాజు నెగటివులను సవరించి భద్రపరచు పని. పలకను అంచులు పట్టుకొని పెట్టెలోనుండి తీయవలెను. నునుపు లేని వైపున చిత్రపు పొర ఉండును గనుక అటు వ్రేలు సోకరాదు. మెరయు వైపున మాత్రము మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. ఆమ్లము లేని కాగితమును నాలుగు వైపుల మడచి, అందు పలకను పెట్టి, పొడవైన అంచుమీద నిలువుగా నిలుపవలెను. పరుండబెట్టి పేర్చినచో పైవాని బరువునకు అడుగు పలక విరుగును. కాగితముమీది సంఖ్యను పలక లోపల పెట్టకముందే పెన్సిలుతో వ్రాయవలెను. పెట్టిన పిదప వ్రాసితిమా, ఆ నొక్కుడు గాజునకు తగులును. మొదటి వారమంతయు ఇదియే పాఠము. గాజు ఎంత బరువో ఆ వారముననే మా నడుములకు తెలిసినది.

రెండవ వారమున మాకు తెలివి ఎక్కువైనది. ఒక పెట్టెలోని పలకలు కలగాపులగముగా నున్నట్లు తోచెను. పెండ్లిజంట ప్రక్కన దుకాణము, దాని ప్రక్కన పసిబిడ్డ, ఆ వెనుక మరల మరియొక పెండ్లి. చూడవచ్చువారికి ఉపకారము చేయుదమని పెండ్లిండ్లన్నియు ఒకచోటను, పసిపిల్లలను ఒకచోటను, దుకాణములను ఒకచోటను చేర్చితిమి. సాయంకాలమునకు బల్ల కన్నులపండువుగా నుండెను. భాండాగారాధికారిణి వచ్చి చూచెను. కోపపడలేదు. ఒక పలకను చూపి, "దీని ప్రక్కన ఏది యుండెను?" అని మాత్రము అడిగెను. మేము చెప్పలేకపోతిమి.

పత్రములు ఏ వరుసలో ఏర్పడినవో ఆ వరుసను చెరుపరాదను నియమము నేటిది కాదు. 1898లో ముల్లర్, ఫేత్, ఫ్రూయిన్ అను ముగ్గురు డచ్చివారు తమ గ్రంథమున దానిని సూత్రముగా కూర్చిరి. దస్తావేజులకు సరియే, బొమ్మలకు వరుస యేల అని మేము వాదమునకు దిగబోగా, ఆమె మాకు హ్యూ మాంగమ్ అనువాని వృత్తాంతము చెప్పెను.

మాంగమ్ 1877లో ఉత్తర కరోలినా రాష్ట్రమున డర్హమ్ పట్టణమున పుట్టెను. అది పొగాకు ఊరు. మన గుంటూరు సీమ రైతులు వర్జీనియా పొగాకని పిలుచు ఆకు పేరు, ఆ రాష్ట్రమునకు ఉత్తరమున ఆనుకొనియున్న సీమ పేరే. మాంగమ్ ఆ రెండు రాష్ట్రములలోను, పడమటి వర్జీనియాలోను ఊరూర తిరిగి, దిగినచోట చిత్రములు తీసెడివాడు. అతని చేతి సాధనము పెన్నీ పిక్చర్ కెమెరా. అందు పలకను కొంచెము కొంచెముగా జరుపుచు ఒక్క గాజుమీదనే ముప్పదివరకు చిన్న చిత్రములు తీయవచ్చును. గాజు ఖర్చు కలిసివచ్చును. బీదవానికిని తన ముఖము కాగితముమీద చూచుకొను భాగ్యము కలుగును. ఈ పొదుపువలననే మరియొకటి సమకూడినది. ఆ పలక, వర్తకుని దినచిట్టావలె, ఎవరి తరువాత ఎవరు వచ్చిరో వరుసగా తనలో వ్రాసికొనినది.

ఆ కాలమెట్టిదో గుర్తు చేసికొనవలెను. 1896లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము, నల్లజాతివారికి రైలుపెట్టెలు వేరుగా నుంచుట న్యాయసమ్మతమే, సమానముగా నున్న చాలునని తీర్పు చెప్పెను. 1898లో అదే ఉత్తర కరోలినాలో విల్మింగ్టన్ నగరమున సాయుధులైన తెల్లవారు ఎన్నికైన నగర ప్రభుత్వమును కూలద్రోసి నల్లవారిని చంపిరి. 1900లో రాష్ట్ర రాజ్యాంగమును సవరించి, చదువు పరీక్షయను నెపమున వారి ఓటును ఊడబెరికిరి. చట్టములు చదివినవారు, ఆ దినములలో ఈ రెండు జాతులవారు ఒక గుమ్మమున అడుగుపెట్టుట కల్ల యనుకొందురు.

మాంగమ్ పలకలు వేరుగా చెప్పుచున్నవి. ఒకే గాజుమీద, పూలటోపీ పెట్టిన నల్లపిల్ల, ఆ ప్రక్క గడిలో తెల్ల యువకుడు, ఆ తరువాత మరల నల్లవారు. ఒకే కెమెరా యెదుట, ఒకరి వెనుక నొకరు. కొందరు నవ్వుచుండిరి, కొందరు బిగుసుకొనియుండిరి. ఇంతమాత్రమున అచ్చట సమత్వము వెల్లివిరిసినదని మేమనము. చిత్రము తీయించుకొనినవాడు బయటికి పోయి వేరు రైలుపెట్టెలోనే ఎక్కవలెను గదా. అయినను ఆ పనిగది గుమ్మము ఇరువురికిని తెరచియుండెననుటకు ఈ వరుసను మించిన సాక్ష్యమేమి? ఎవరైన మావంటి తెలివిగలవారు ఆ చిత్రములను కత్తిరించి, నల్లవారిని ఒక పెట్టెలోను తెల్లవారిని ఒక పెట్టెలోను సర్దియుండినచో, ఒక్క ముఖమైనను పోయెడిది కాదు. సాక్ష్యము మాత్రము పోయెడిది.

ఆ పలకలు మిగులుటయు అదృష్టమే. మాంగమ్ 1922లో మరణించెను. ఆకును ఏర్చి మూటలు కట్టు పొగాకు కొట్టములో, వారి కుటుంబపు పొలమున, అవి అర్ధశతాబ్దము పడియుండెను. కొన్ని పగిలినవి, కొన్నిట పొర ఊడినది. 1970 దశకమున ఆ కొట్టమును కూల్చబోవు తరుణమున కడపటి క్షణమందు వానిని కాపాడిరి. పిదప అవి అదే డర్హమ్ లోని డ్యూక్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు చేరినవి. మార్గరెట్ సార్టర్, ఆలెక్స్ హారిస్ గార్లు సంపాదకులుగా 2019లో ఆ చిత్రముల గ్రంథము వెలువడెను. చిత్రములందలి మనుష్యులలో పెక్కుమంది పేర్లు నేటికిని తెలియవు.

ఈ కథ విని మేము మరల మా పెట్టె ముందు కూర్చుంటిమి. మూడు దినములు పట్టినది. ఆ పలకలకు ఎప్పుడో తడి తగిలియుండెను. ఒకదానిమీది నీటిచార ప్రక్కపలకమీద కొనసాగును. ఆ చారను పట్టుకొని, చినిగిన పటమును అతుకునట్లు, ఒకదాని ప్రక్కన ఒకటి నిలుపుచు పోతిమి. పెండ్లిజంట ప్రక్కకు దుకాణము తిరిగి వచ్చెను. దుకాణము ముందు చేతులు కట్టుకొని నిలిచినవాడు ఆ పెండ్లికొడుకే యని అప్పుడుగాని మా కంటబడలేదు. పెండ్లినాటి కోటు ఇంకను విప్పలేదు.

తడి సోకని పలకలు 11 మిగిలిపోయెను. వాని స్థానము చెప్పు ఆధారమేదియు లేదు. వానిని పెట్టె చివర విడిగా నిలిపితిమి. ఈ 11 పలకల తొలివరుస, సవరించువారి చేతిలో చెదరినదని వర్ణనపట్టికలో తేదీతో సహా వ్రాయుమని అధికారిణి మాకే చెప్పెను. వ్రాసితిమి.