స్కూటర్ వెనక సీట్లో అమ్మ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఏ బస్టాండ్‌కైనా ఆదివారం పొద్దున్నే వెళ్లి చూడండి. పిల్లల భుజాన కిట్ బ్యాగు, అమ్మ చేతిలో టిఫిన్ బాక్సు. టోర్నమెంట్‌కి పోతున్నారన్నమాట. ఈ ప్రయాణానికి కూడా ఒక హిస్టరీ ఉంది.

సైనా నెహ్వాల్ 1990లో హర్యానాలోని హిసార్‌లో పుట్టింది. ఎనిమిదేళ్లప్పుడు ఫ్యామిలీ హైదరాబాద్ వచ్చింది. కోచింగ్ లాల్ బహదూర్ స్టేడియంలో. ఇంటి నుంచి దాదాపు 25 కిలోమీటర్లు. తెల్లారకముందే నాన్న హర్‌వీర్ సింగ్ స్కూటర్ తీసేవారు. పాప నిద్రలో తూలేది. పడిపోకుండా పట్టుకోవడానికి అమ్మ ఉషారాణి వెనక కూర్చునేవారు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకోటుంది. ఉషారాణి హర్యానాలో స్టేట్ లెవెల్ బ్యాడ్మింటన్ ఆడారు. పీవీ సింధు అమ్మ విజయ వాలీబాల్ ప్లేయర్. 2012 లండన్ కాంస్యం, 2016 రియో రజతం వెనక ఆట తెలిసిన అమ్మలు ఉన్నారు.

మన దగ్గర చాలామంది అమ్మలకి ఆడే ఛాన్సే రాలేదు. కొందరి ఆట స్కూల్‌తోనే అటకెక్కింది. ఇప్పుడు గ్రౌండ్‌కి వచ్చినా బ్యాగులు కాయడమే వాళ్ల పని. అందుకే ఆదివారం కూడా వాళ్లకి డ్యూటీలాగే ఉంటది.

దీన్ని మార్చడం పెద్ద కష్టమేం కాదు. ఈసారి టిఫిన్ నాన్న కట్టాలి. బ్యాగు మీరే మోయాలి. మ్యాచ్ అయ్యాక రాకెట్ అమ్మ చేతికివ్వండి. నాలుగు షాట్లు ఆడనివ్వండి. షటిల్ నెట్‌కి తగిలినా సరే, ఆమె నవ్వుతుంది చూడండి, ఆ ఆదివారం ఆమెది కూడా!