పొగ ఊళ్లో పచ్చటి ఫెర్న్

ఫెర్న్ పూయదు, కాయదు, విత్తనం కట్టదు. ఆకు వెనక వరుసగా అంటుకున్న గోధుమరంగు చుక్కల్లోంచి రాలే సిద్ధబీజాలతోనే ఈ జాతి సుమారు 36 కోట్ల ఏళ్లుగా నిలిచి ఉంది. సిద్ధబీజం రాలిన చోట ముందు గోరంత పచ్చటి పొర ఏర్పడుతుంది. ఆ పొర మీద నీటి తడి ఉంటేనే పురుషబీజకణం ఈదుకుంటూ వెళ్లి స్త్రీబీజకణాన్ని చేరుతుంది, కొత్త మొక్క పుడుతుంది. ఈ జీవిత చక్రాన్ని జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ హాఫ్‌మైస్టర్ 1851లో వివరించారు. తడి లేనిదే ఫెర్న్ లేదు. ఇంట్లో దాని పోషణ అంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

తెలుగు నేలకు ఫెర్న్ కొత్త కాదు. ఆయుర్వేదంలో హంసపాదిగా చెప్పే మూలిక ఒక ఫెర్నే. తూర్పు కనుమల్లో వాగుల ఒడ్డున, రాళ్ల సందుల్లో ఎన్నో రకాలు పెరుగుతాయి. సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను పరిశీలించి, తర్వాత కలకత్తా ఉద్యానానికి అధిపతిగా వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ పువ్వులేని మొక్కల గురించి కూడా రాసుకున్నారు. ఆ రాతలు ఆయన పోయిన 29 ఏళ్లకు, 1844లో అచ్చయ్యాయి. మద్రాసు అటవీశాఖకు చెందిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1860లలో దక్షిణ భారత ఫెర్న్‌ల మీద బొమ్మలతో పెద్ద గ్రంథం తెచ్చారు. 1883లో ఆయన వేసిన చేతిపుస్తకం ఈ దేశపు ఫెర్న్‌లను గుర్తుపట్టడానికి చాలాకాలం ఆధారంగా నిలిచింది.

అడవిలోని ఈ మొక్క ఇంట్లోకి రావడానికి కారణం మాత్రం ఒక నగరపు పొగ. తూర్పు లండన్‌లోని వెల్‌క్లోజ్ స్క్వేర్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు తన పెరట్లో ఫెర్న్‌లు నాటుకున్నారు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల బొగ్గు పొగకు అవి బతకలేదు. 1829 ప్రాంతంలో, చిమ్మట ప్యూపా ఎలా మారుతుందో చూద్దామని ఆయన దాన్ని తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగించారు. పగటి వేడికి మట్టిలోని తడి ఆవిరై గాజుకు పట్టేది, మళ్లీ చుక్కలై మట్టిలోకే దిగేది. కొన్నాళ్లకు ఆ మట్టిలో చిన్న ఫెర్న్ ఒకటి, గడ్డి పోచ ఒకటి తలెత్తాయి. పెరట్లో ఎంత సాకినా దక్కనిది సీసాలో దక్కింది. చుక్క నీరు పోయకుండానే దాదాపు నాలుగేళ్లు బతికిన ఆ మొక్కలు మూత తుప్పు పట్టి వాన నీరు లోపలికి దిగాక చనిపోయాయి.

1833లో వార్డ్ అలాంటి గాజు పెట్టెల్లో ఫెర్న్‌లు, గడ్డి మొక్కలు సర్ది ఓడ మీద సిడ్నీకి పంపారు. నెలల ప్రయాణం తర్వాత అవి పచ్చగానే దిగాయి. మొక్కల సేకర్త రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి వేల తేయాకు మొక్కలను భారతదేశానికి చేర్చింది కూడా వార్డ్ పెట్టెల్లోనే. ఫెర్న్ కోసం పుట్టిన పెట్టె మన తేయాకు తోటల చరిత్రలో భాగమైంది. ఇంగ్లండ్‌లో ఇంటింటా ఫెర్న్ పిచ్చి ముదరడంతో, 1855లో రచయిత చార్లెస్ కింగ్స్‌లీ దానికి టెరిడోమేనియా అని పేరు పెట్టారు.

ఈనాడు ఇళ్లలో ఎక్కువగా కనిపించే బోస్టన్ ఫెర్న్ కథ 1894 నాటిది. అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్ ప్రాంతానికి పంపిన నెఫ్రోలెపిస్ అనే ఫెర్న్ మొక్కల్లో ఒకటి మిగతావాటిలా నిటారుగా నిలవకుండా ఆకులను వంపుగా కిందికి జార్చింది. ఆ వంపే దాని అందం. ఇప్పుడు గోదావరి కాలువల పక్కన కడియం నర్సరీల నుంచి దేశం నలుమూలలకూ ఇలాంటి అలంకరణ మొక్కలు లారీల్లో వెళ్తుంటాయి.

అయితే ఇలాంటి ఉష్ణమండల ఫెర్న్‌కు ఢిల్లీ పక్కనున్న గ్రేటర్ నోయిడా సులువైన ఊరు కాదు. 1991లో యమున, హిండన్ నదుల మైదానంలో మొదలైన ఈ నగరంలో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. లూ అనే వడగాలి ఆకు చివరలను ఒక్కరోజులో మాడ్చేస్తుంది. జనవరి రాత్రి చలి 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. నవంబరులో ఆకాశం పొగతో మూసుకుపోతుంది. ఫెర్న్‌కు హాయి 18 నుంచి 27 డిగ్రీల మధ్య, గాలిలో తేమ సగానికి పైన ఉన్నప్పుడే.

అందుకే చోటు ఎంపిక ముఖ్యం. ఉత్తరం లేదా తూర్పు బాల్కనీ మేలు. పడమటి ఎండ, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. డెజర్ట్ కూలర్ ఉన్న గది వేసవిలో ఫెర్న్‌కు వరం, ఆ తడిగాలి దానికి పుట్టింటి గాలి లాంటిది. కూలర్ లేకపోతే పళ్లెంలో గులకరాళ్లు పరిచి, నీళ్లు పోసి, కుండీ అడుగు నీటికి తగలకుండా పైన పెట్టాలి. ఆకుల మీద స్ప్రే చేసిన తడి కాసేపటికే ఆరిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. సున్నితమైన హంసపాది జాతి మొక్కలకు మాత్రం వార్డ్ చూపిన దారే మంచిది: ఎండ తగలని చోట గాజు జాడీ.

మట్టి తేలిగ్గా ఉండాలి. కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్ట్, కొంచెం ఇసుక కలిపితే సరిపోతుంది. వేలు పెట్టి చూస్తే పిండిన గుడ్డలా చెమ్మ తగలాలి, నీరు నిలవకూడదు. ఆర్ఓ యంత్రం వదిలే నీటిని వృథా ఎందుకని చాలామంది కుండీల్లో పోస్తారు. అందులో లవణాలు పేరుకుని ఉంటాయి, ఫెర్న్ వేళ్లు ఓర్వలేవు. వాన నీరు పట్టి పోయడం ఉత్తమం. చలికాలంలో కుండీని లోపలికి తెచ్చి, నీరు తగ్గించి, ఎరువు ఆపేయాలి. దుమ్ము తుపాను వచ్చిన మర్నాడు ఆకులు కడగాలి. ఆకు వెనక చుక్కలు వరుసగా, ఒకే దూరంలో ఉంటే అవి సిద్ధబీజాలే. పురుగులని భయపడి కత్తిరించకండి. చెల్లాచెదురుగా ఉండి, గోటితో గీకితే ఊడివచ్చేవే పురుగులు.

ఫెర్న్ ఇంటి గాలిని శుభ్రం చేస్తుందనే మాట ఢిల్లీ చుట్టుపక్కల బాగా చెల్లుతోంది. 1989లో నాసా తరఫున బి.సి. వుల్వర్టన్ బృందం మూసిన పెట్టెల్లో మొక్కలతో చేసిన పరీక్షల నుంచి పుట్టిన నమ్మకమిది. కిటికీలు, తలుపులు ఉండే ఇంట్లో మామూలుగా గాలి మారడం వల్ల జరిగేంత శుభ్రత మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలైనా కావాలని, 1000 వరకూ పట్టవచ్చని 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. నవంబరు పొగ నుంచి పిల్లల్ని, పెద్దల్ని ఫెర్న్ కాపాడలేదు. ఆ నమ్మకంతో మాస్కును పక్కన పెట్టడం ప్రమాదం.

కొత్తగా కొనదలచినవారు మే నెలలో నర్సరీకి వెళ్లవద్దు. జులైలో వానలు కుదురుకున్నాక కొనండి. ఇంట్లో ఉన్న గుబురును విడదీసి పక్కింటివారికి ఒక పిలక ఇవ్వడానికి కూడా అదే సరైన సమయం.