వరస

తెలుగువాడు కొత్తమనిషిని కలిస్తే ముందు ఊరు అడుగుతాడు, తర్వాత ఇంటిపేరు అడుగుతాడు, ఆ రెండూ పట్టుకుని ఎక్కడో ఒకచోట వరస కలిపేస్తాడు. 'అయితే నువ్వు నాకు వరసకు బావవోయ్' అంటాడు. అదే మనిషి రేషన్ షాపు ముందు 'వరసలో రండి' అని గసురుతాడు. పెద్దకొడుకు వేళాపాళా లేకుండా తిరుగుతుంటే 'వీడి వరస నాకేం నచ్చడం లేదు' అంటాడు. శనివారం భజనలో తాళాలు పట్టుకుని 'ఆ రామదాసు కీర్తన వరసలో ఎత్తుకోండి' అంటాడు. బంధుత్వం, బారు, తీరు, బాణీ: నాలుగుచోట్లా ఒకే మాట. ఈ నాలుగింటికీ ఏమైనా లంకె ఉందా అన్న అనుమానం మాత్రం ఆయనకు రాదు.

నాకు వచ్చింది, అదీ వెంగళరావు నగర్‌లో ఒక పెంట్‌హౌస్ గదిలో, పాత కంప్యూటర్ ముందు. ఆ గది సంగతి తర్వాత. ముందు మాట సంగతి.

రాతలో వరుస, నోట్లో వరస. నేను నోటికే కట్టుబడతాను. ఇది సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట కాదు. తమిళంలో వరిసై, కన్నడంలో వరసె అని దీనికి తోబుట్టువులున్నాయి. తమిళంలో 'వరి' అంటే గీత, చార అనే అర్థం ఉంది. గీతకూ వరసకూ చుట్టరికం ఉండి తీరాలని నా ఊహ. గీత గీసి దాని మీద మనుషుల్ని నిలబెడితే బారు. ఎవరి తర్వాత ఎవరో తేలితే వంతు. ఎవరికి ఎవరు ఏమవుతారో కూడా తేలితే వావి. పంక్తి, శ్రేణి, క్రమం లాంటి మాటలు బారు దగ్గరే ఆగిపోతాయి. 'పంక్తికి బావ' అని ఎవరూ అనరు గదా.

ఇక బాణీ. పాత భజన పుస్తకాలు తిరగేస్తే పాట నెత్తిన స్వరాలు ఉండవు, చాలాసార్లు రాగం పేరూ ఉండదు. 'ఫలానా పాట వరస' అని మాత్రం ఉంటుంది. ఆ ఫలానా పాట వచ్చినవాడికి ఇదీ వచ్చినట్టే. ఎన్నికలప్పుడు ఆటో మీద మైకు కట్టి వదిలే పాటలకు ఈనాటికీ అదే పద్ధతి. సంగీతం నేర్చుకునే పిల్లలకు మాయామాళవగౌళలో మొదట చెప్పేవి సరళీ వరసలు, ఆ వెనక జంట వరసలు. పురందరదాసు వేసిన బాట అది అని సంప్రదాయం. నాటకాలవాళ్లు బాణీని మెట్టు అన్నారు. వీణ మీద మెట్టూ, మేడ ఎక్కే మెట్టూ అదే మాట. వరసైనా మెట్టైనా మనవాళ్లు పాటకు ఎన్నుకున్న పేర్లలో శబ్దం ప్రసక్తి లేదు, తీపి ప్రసక్తి లేదు. దేని తర్వాత ఏది అన్నదొక్కటే ఉంది.

ఇప్పుడు గదిలోకి. వెంగళరావు నగర్‌కు ఒక పక్క అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, మరో పక్క యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. కోడింగ్ నేర్చుకునే పిల్లలూ సినిమా వేషాల కోసం వచ్చిన పిల్లలూ ఇక్కడ ఒకే మెస్సులో భోంచేస్తారు. నేను చెప్పే కుర్రాడు రెండింటికీ మధ్యవాడు. ఫిల్మ్‌నగర్ వైపు ఒక కీబోర్డ్ ప్రోగ్రామర్ దగ్గర అసిస్టెంటు. పగలంతా కొత్త మెషీన్ల మీద లూపులు అతికిస్తాడు. రాత్రి తన గదిలో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాత పెంటియం మీద, లావు వీపు మానిటర్ ముందు కూర్చుని ట్రాకర్‌లో పాట కడతాడు. 'పాతది ఎందుకు బాబూ?' అంటే, 'ఇందులో నేను రాయనిది ఏదీ మోగదు సార్' అన్నాడు.

ట్రాకర్ అనేది 1987లో పుట్టింది. జర్మనీలో కార్‌స్టెన్ ఒబార్‌స్కీ అనే ఆయన అమిగా కంప్యూటర్‌లో ఆటలకు సంగీతం చేసుకోవడానికి 'అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్' అని ఒక ప్రోగ్రాం రాశాడు. అమ్మకాల్లో అది పెద్దగా నిలబడలేదు గానీ, దాన్ని విప్పి చూసిన కుర్రాళ్లు నాయిస్‌ట్రాకర్ అనీ ప్రోట్రాకర్ అనీ మెరుగులు దిద్దుకుంటూ పోయారు. పీసీల మీదికి వచ్చేసరికి ఫిన్లాండ్‌లో స్క్రీమ్ ట్రాకర్, స్వీడన్‌లో ఫాస్ట్‌ట్రాకర్. మా కుర్రాడు వాడేది 1994 నాటి ఫాస్ట్‌ట్రాకర్ 2.

తెర మీద ఐదు గీతల స్టాఫ్ లేదు, పియానో మెట్లు లేవు. సినిమా చివర పేర్లు ఎక్కినట్టు గళ్లు కింది నుంచి పైకి పాకుతుంటాయి. అమిగా నాటి మూల పద్ధతే చెబుతాను: ఆ మెషీన్‌కు ఒకేసారి మోగే గొంతులు నాలుగే కాబట్టి నిలువు గళ్లు నాలుగు. ఒక్కో పేజీకి, దాన్ని ప్యాటర్న్ అంటారు, అడ్డవరసలు 64. ఒక్కో గడిలో ఏ స్వరం, ఏ శాంపిల్ (ముందే రికార్డు చేసి పెట్టుకున్న శబ్దం), ఏ గుర్తు అన్న మూడే ముక్కలు. గడికి 4 బైట్లు, పేజీకి సరిగ్గా ఒక కిలోబైటు. ఇలాంటి పేజీలు పది రాసి, వాటిని ఏ వంతులో వాయించాలో పక్కన చిన్న జాబితా పెడితే పాట పూర్తి. శాంపిళ్లతో సహా ఫ్లాపీలో పట్టేస్తుంది.

నేను అడగగానే మొదటి సరళీ వరస ఎక్కించాడు. అక్షరానికి 4 వరసల చొప్పున వేశాడు. ఆదితాళం 8 అక్షరాలు గనక ఆవర్తనానికి 32. ఆరోహణ ఒక ఆవర్తనం, అవరోహణ ఒక ఆవర్తనం. లెక్క చూస్తే 64. పేజీ కొలిచి కుట్టినట్టు నిండింది. సకు సి అనుకుంటే, సున్నా వరసలో సి, 4లో సి షార్ప్, 8లో ఈ, 12లో ఎఫ్, 16లో జి, 20లో జి షార్ప్, 24లో బి, 28లో పై సి. రెండో కాలానికి వరస విడిచి వరస, పాట పేజీలో రెండుసార్లు తిరిగింది. మూడో కాలానికి ప్రతి వరసా నిండి నాలుగుసార్లు తిరిగింది. గురువుగారు తొడ మీద తాళం వేయించి నెలల తరబడి నూరిపోసే మూడు కాలాలు తెర మీద ఖాళీగళ్ల తేడాగా కనిపించాయి. మిశ్రచాపు అయితే ఇంత సుఖం లేదు. ఏడేసి చొప్పున తొమ్మిది ఆవర్తనాలు వేస్తే 63, ఒక వరస అదనంగా వేలాడుతుంది. దాన్ని కోసేయడానికి వేరే గుర్తు ఉంది.

అప్పుడు తట్టింది. అడ్డవరసలో పక్కపక్కన ఉన్న గళ్లు ఒకే క్షణంలో మోగుతాయి. అక్కడ ప్రశ్న వంతు గురించి కాదు: ఈ స్వరానికి ఆ స్వరం ఏమవుతుంది? మన లక్షణ గ్రంథాలు స్వరాల్లో వాది, సంవాది, అనువాది, వివాది అని చెప్పి, వాటిని రాజు, మంత్రి, సేవకుడు, శత్రువు అన్నాయి. అంటే స్వరాలకు కూడా కలిసేవీ కలవనివీ ఉన్నాయి. ట్రాకర్ పేజీని నిలువుగా చదివితే వంతు, అడ్డంగా చదివితే వావి. మన భజనపరుడు నాలుగుచోట్ల వాడిన మాటలో రెండు ముక్కలు అక్కడే ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడుకుని ఉన్నాయి.

ట్రాకర్ వాడేవాళ్లకు వావి మీద మక్కువ ఉన్నట్టే ఉంది. ప్రోట్రాకర్ పాటలో శాంపిల్ పేర్లకు 31 గళ్లుంటాయి, గడికి 22 అక్షరాలు. యూరప్ కుర్రాళ్లు వాటిలో 'వయొలిన్', 'డ్రమ్' అని రాయడం మానేసి స్నేహితులకు నమస్కారాలు రాసుకునేవారు. ఎవరి పాట తెరిచినా ఆ జాబితాలో ఎవరికి ఎవరు ఏమవుతారో తెలిసిపోయేది. పాట లోపలే చుట్టాల పట్టిక! మనవాడు కూడా రాశాడు. తెలుగు లిపి అందులో పట్టదు కాబట్టి ఇంగ్లిషు అక్షరాల్లో మావయ్య, పెదబాబు, సత్తిబావ. 'మీ చుట్టాలా?' అంటే, 'కాదు సార్, స్టూడియోలో వాళ్లు. వరసకు' అన్నాడు.

ట్రాకర్ పేరు ట్రాక్ నుంచి వచ్చింది. ఆ మాట మన సినిమావాళ్ల నోట ఎంత నలిగిందో చెప్పనక్కర్లేదు. కెమెరా బండికి కింద వేసే పట్టాలు ట్రాక్. కథ పక్కన నడిచే హాస్యం కామెడీ ట్రాక్. గొంతు తీసేసిన పాట మైనస్ ట్రాక్. పెద్ద గాయకుడు వచ్చేలోపు ఆయన చోటులో పాడిపెట్టడం ట్రాక్ పాడటం. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వీధుల్లో ఆ పని మీద బతికే గొంతులున్నాయి. వాళ్లు పాడింది చెరిపేస్తేనే పాట బయటికి వస్తుంది. ట్రాక్‌లో పక్కవాడితో పని లేదు. ఎవడి పట్టా వాడిది, ఒకటి తీసేసినా మిగతావి నడుస్తాయి. సీక్వెన్సర్ అన్న మాట మాత్రం మనకు దగ్గరిది. విడదీస్తే 'వరసపెట్టేది' అనే అర్థం. ఇళయరాజా 1986లో 'పున్నగై మన్నన్' సంగీతానికి సీక్వెన్సర్ వాడారు. తెలుగులో ఆ సినిమా 'డాన్స్ మాస్టర్' పేరుతో వచ్చింది. మద్రాసు థియేటర్లలో వయొలిన్లవాళ్లు వరసలుగా కూర్చునే కాలంలో ఒక పెట్టె కూడా వరసలో కూర్చుంది.

అంతా బాగానే ఉంది, గమకం దగ్గరికి వచ్చేసరికి వరస బిగుసుకుపోయింది. కుర్రాడి సరళీ వరస స్వరం తప్పలేదు, కాలం తప్పలేదు, కానీ మాయామాళవగౌళ కాలేదు. హార్మోనియం మెట్లు వేలితో లెక్కపెట్టినట్టుంది. ట్రాకర్ రాసినవాళ్లకూ ఈ లోటు తెలుసు. ఒక్కో వరసను మామూలుగా 6 టిక్కులుగా చీలుస్తారు. టిక్కు సెకనులో యాభయ్యో వంతు. యూరప్ టీవీ తెర సెకనుకు 50 సార్లు మారేది కనుక ఆ లెక్క (మన దూరదర్శన్‌దీ అదే లెక్క). మొదటి టిక్కులో స్వరం మోగుతుంది, మిగతా ఐదింటిలో గుర్తు పనిచేస్తుంది. గుర్తు గడిలో 3 వేస్తే వెనకటి స్వరం నుంచి ఈ స్వరానికి జారుతుంది, 4 వేస్తే వణుకుతుంది.

స్వరం పక్కన గుర్తు పెట్టే పని మనకు కొత్త కాదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చువేయించారు. తమిళ నేల మీద, తెలుగు లిపిలో. అందులో స్వరాల మీద చిన్న చిన్న గుర్తులు: కంపితానికి అలల గీత, ఎక్కే జారుకు ఒక వాలు గీత, దిగే జారుకు దానికి ఎదురు వాలు. ఆ పేజీ చూశాక ట్రాకర్ గడి నాకు పరాయిదిగా అనిపించలేదు. తేడా అల్లా ఆ గుర్తును చదివేది ఎవరన్నదే. దీక్షితులుగారి గీతను చదివేవాడికి ఎంత ఊగాలో ముందే తెలిసి ఉంటుంది, గీత జ్ఞాపకం చేస్తుంది అంతే. కంప్యూటర్‌కు వేగం ఎంత, లోతు ఎంత అని రెండు అంకెలు ఇవ్వాలి. ఇచ్చినా అది స్వరానికి అటూ ఇటూ సమానంగా ఊగుతుంది. మన కంపితం అలా ఊగదు. కింద స్వరాన్ని తాకి వస్తుంది, పైన కాసేపు ఆగుతుంది, ఆ ఆగడం కూడా రాగాన్ని బట్టే. భజనపరుడు కొడుకు గురించి అన్న 'వీడి వరస' ఉందే, నడక, తీరు, అది ఈ ఊగులోనే ఉంది. గళ్లలో పట్టనిది అదొక్కటే.

కుర్రాడు ఊరుకునే రకం కాదు. కిందింట్లో ఉండే ట్రాక్ సింగర్‌ను బతిమాలి, రిషభం ఒక్కదాన్ని గమకంతో పాడించి శాంపిల్‌గా ఎక్కించాడు. రి గడిలో అది మోగగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అదే శాంపిల్‌ను ధైవతం గడిలో వేస్తే ఊపు గాభరాగా పరిగెత్తింది. ట్రాకర్‌లో స్థాయి పెరిగితే వేగమూ పెరుగుతుంది మరి. 'ఏ స్వరానికి ఆ శాంపిల్ తీసుకోవాల్సిందే సార్. స, ప కదలవు. ఐదు చాలు' అన్నాడు. 'ఎక్కేటప్పటి రి, దిగేటప్పటి రి ఒకటేనా?' అన్నాను. కాగితం తీసుకుని మళ్లీ లెక్క మొదలుపెట్టాడు. కింద ఆవిడ రేపు రాత్రి తొమ్మిది తర్వాత అయితే పాడతానందట, ట్రాక్ రేటు కాకుండా.