కొడుక్కి దక్కని ఇల్లు

లండన్ నడిబొడ్డున లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అనే తోట ఉంది. దానికి ఉత్తరాన ఉన్న ఇళ్ల వరసలో 13వ నంబరుది సర్ జాన్ సోన్ మ్యూజియం. ఇంటాయన 1837లో కన్నుమూసేనాటికి ఏ వస్తువు ఎక్కడుందో వీలైనంతవరకు అక్కడే ఉంచాలని ఏకంగా పార్లమెంటు చట్టమే ఉంది. ఒక ఇంటి సామాను కోసం చట్టం దాకా వెళ్లాల్సి రావడం వెనక కన్నకొడుకు పెట్టిన కష్టం ఉంది.

సోన్ తాపీమేస్త్రి కొడుకు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు 45 ఏళ్లు వాస్తుశిల్పిగా పనిచేశాడు. సంపాదనంతా విగ్రహాల ముక్కలు, పుస్తకాలు, చిత్రాలు కొనడానికే పోసి, పక్కపక్కనున్న మూడిళ్లను తన ఇష్టప్రకారం కట్టుకున్నాడు. ఇరుకు గదుల్లోకి పైకప్పు నుంచి వెలుతురు దించడం, గుండ్రటి అద్దాలతో దాన్ని నలుమూలలకూ పంచడం ఆయన విద్య. నేలమాళిగలో ఈజిప్టు రాజు మొదటి సేతి శవపేటిక ఉంది. తొమ్మిదడుగులు దాటిన అలబాస్టర్ రాయి అది. బ్రిటిష్ మ్యూజియం వద్దంటే 1824లో 2,000 పౌండ్లిచ్చి కొన్నాడు. లోపలికి చేర్చడానికి ఇంటి వెనక గోడ పగలగొట్టించాడు. మరుసటేడు మూడు రాత్రులు దీపాలు వెలిగించి ఊళ్లో పెద్దలందరికీ చూపించాడు.

అందరూ దాని చుట్టూ మూగుతారు. నాకు మాత్రం ఈ ఇంటి ప్రాణం చిత్రాల గదిలో ఉందనిపిస్తుంది. చిన్న గదే, కానీ గోడలు తలుపుల్లా విచ్చుకుంటాయి. ఒక వరస చిత్రాల వెనక ఇంకో వరస. వందకు పైగా పటాలు అలా ఇమిడిపోయాయి. వాటిలో హోగార్త్ గీసిన 'ఎ రేక్స్ ప్రోగ్రెస్' ఎనిమిదీ ఉన్నాయి. తండ్రి కూడబెట్టిన ఆస్తిని జూదానికీ జల్సాలకీ తగలేసి, అప్పుల జైలుకెళ్లి, చివరికి పిచ్చాసుపత్రిలో తేలిన కొడుకు కథ. 1802 వేలంలో 570 గినీలకు వీటిని పాడుకున్నది సోన్ భార్య ఎలైజా. చిన్న కొడుకు జార్జ్ అప్పటికింకా పిల్లవాడు.

పెద్దయ్యాక అతనూ అప్పులపాలై జైలుకెళ్లాడు. 1815 సెప్టెంబరులో 'ది చాంపియన్' పత్రికలో పేరు లేకుండా రెండు వ్యాసాలు రాశాడు. తండ్రి కట్టడాలతో పాటు ఈ ఇంటినీ అందులో ఎగతాళి చేశాడు. రాసిందెవరో తల్లికి తెలిసిపోయింది. అప్పటికే జబ్బుతో ఉన్న ఆమె నవంబరులో పోయింది. సోన్ ఆ వ్యాసాలకు పటం కట్టించి, ఇవి జార్జ్ కొట్టిన చావుదెబ్బలని రాయించి, ఇంట్లో వేలాడదీశాడు. ఇన్ని అందమైన వస్తువులు ఏరి తెచ్చిన మనిషి, ఆ పటాన్నీ వాటి మధ్యే ఉంచుకున్నాడు. అది తలుచుకుంటే ఆ గదుల వెలుతురు కూడా బరువుగా తోస్తుంది.

పెద్ద కొడుకు 1823లో చనిపోయాడు. ఇక మిగిలిన వారసుడు జార్జే. ఇల్లు అతని పాలు కాకుండా జాతికి చెందేలా సోన్ 1833లో చట్టం తెప్పించాడు. కళలు నేర్చుకునేవాళ్లకు రుసుము లేకుండా చూపాలన్నది షరతు. తండ్రి పోగానే జార్జ్ వీలునామా మీద కోర్టుకెక్కాడు, ఆయనకు మతి స్థిమితం లేదని వాదించాడు. 1837 ఆగస్టులో న్యాయమూర్తి ఆ వాదన కొట్టేశారు. అప్పీలు వేశాడు గానీ నవంబరులో తనే విరమించుకున్నాడు.